హోస్ట్, గెస్ట్ ట్రేసులకు ఒకే కాలరేఖ: కేవీఎంలో టీఎస్‌సీ ఆఫ్‌సెట్‌ను చదవడం, సరిచూడటం

వర్చువల్ మెషీన్‌లో నడిచే డేటాబేస్ ఉన్నట్టుండి 4 మిల్లీసెకన్లు బిగుసుకుపోతుంది. గెస్ట్ లోపల, అంటే ఆ వర్చువల్ మెషీన్‌లో, ఎఫ్‌ట్రేస్ (లైనక్స్ కెర్నల్‌లో జరిగే ఈవెంట్లను సమయంతో సహా రికార్డ్ చేసే సాధనం) తీస్తే ఏ లోపమూ దొరకదు. థ్రెడ్ సీపీయూ మీదే ఉంది, ఇంటరప్ట్ ఏదీ రాలేదు, షెడ్యూలర్ దాన్ని దించలేదు. హోస్ట్‌లో, అంటే వర్చువల్ మెషీన్‌ను నడిపే అసలు యంత్రంలో, తీసిన ట్రేస్ చూస్తే దాదాపు అదే సమయానికి ఆ వీసీపీయూ (గెస్ట్‌కు కనబడే వర్చువల్ సీపీయూ) థ్రెడ్‌ను పక్కనబెట్టి బ్యాకప్ పని నడిచినట్టు కనబడుతుంది. ఈ ‘దాదాపు’ దగ్గరే చిక్కంతా ఉంది. రెండు ట్రేసులను ఒకే కాలరేఖ మీద పరిచినప్పుడు 50 మైక్రోసెకన్లు పక్కకు జరిగినా బొమ్మ చూడటానికి సవ్యంగానే ఉంటుంది. కానీ హోస్ట్ ఇంకా పంపని ఇంటరప్ట్‌కు గెస్ట్ ముందే స్పందించినట్టు, కారణం కంటే ఫలితం ముందు వచ్చినట్టు తేలుతుంది. అలాంటి ట్రేస్ మీద కట్టిన నిర్ధారణ ఏదీ నిలబడదు.

ఎంత కచ్చితత్వం కావాలో ముందే తేల్చుకోవాలి. లైనక్స్ కెర్నల్‌లోని వర్చువలైజేషన్ భాగమైన కేవీఎంలో గెస్ట్ ఒక తేలికపాటి కారణానికి హోస్ట్‌లోకి వచ్చి తిరిగి వెళ్లడానికి ఒకటి రెండు మైక్రోసెకన్లు చాలు. అలాంటి రాకపోకలను విడివిడిగా చూడాలంటే రెండు ట్రేసుల మధ్య పొరపాటు 1 మైక్రోసెకను లోపే ఉండాలి. గెస్ట్‌లో క్రోనీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్) నడుపుతున్నామనో, 2017లో లైనక్స్ 4.11తో వచ్చిన పీటీపీ-కేవీఎం డ్రైవర్ పెట్టుకున్నామనో నిశ్చింతగా ఉండటానికి లేదు. అవి గోడ గడియారాన్ని, అంటే తేదీ, గంట చూపే గడియారాన్ని దిద్దుతాయి. లాగ్ ఫైళ్లను పక్కపక్కన పెట్టి చదవడానికి పీటీపీ-కేవీఎం చాలా మంచి సాధనం. ట్రేస్‌లో ఈవెంట్ల మీద పడే ముద్ర మాత్రం మామూలుగా ఆ గడియారానిది కాదు.

గడియారాలు ఎక్కడ విడిపోతాయి

మనం వేరే చెప్పకపోతే ఎఫ్‌ట్రేస్ ‘లోకల్’ అనే గడియారం వాడుతుంది. ఇది చవకైనది, వేగమైనది. ప్రతి సీపీయూ తన లెక్క తాను చూసుకుంటుంది. హోస్ట్‌లో ఇది హోస్ట్ బూట్ అయినప్పటి నుంచి నానోసెకన్లు లెక్కిస్తే, గెస్ట్‌లో గెస్ట్ బూట్ అయినప్పటి నుంచి లెక్కిస్తుంది. రెండు సున్నాల మధ్య దూరం గంటలు కావచ్చు, నెలలు కావచ్చు. ఆ దూరాన్ని ఒక్కసారి కొలిచి కలిపేస్తే సరిపోతుందనిపిస్తుంది కానీ సరిపోదు. టిక్కులను నానోసెకన్లుగా మార్చే గుణకం హోస్ట్ కెర్నల్‌లో ఒకటి, గెస్ట్ కెర్నల్‌లో మరొకటి. రెండింటి మధ్య పది లక్షల్లో ఒక వంతు తేడా ఉన్నా సెకనుకు 1 మైక్రోసెకను చొప్పున ట్రేసులు దూరమవుతాయి. పది నిమిషాల రికార్డింగ్ చివరికి వచ్చేసరికి అది 600 మైక్రోసెకన్లు.

‘మోనో’ గడియారం పెడితే పరిస్థితి ఇంకా చెడుతుంది. నెట్‌వర్క్ ద్వారా సమయాన్ని సరిచేసే ఎన్‌టీపీ దాని వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. లైనక్స్‌లో ఈ సవరణకు మామూలు పరిమితి పది లక్షలకు 500 వంతులు, అంటే సెకనుకు 500 మైక్రోసెకన్ల దాకా. హోస్ట్‌లో ఒక క్రోనీ, గెస్ట్‌లో ఇంకో క్రోనీ ఎవరి దారిన వాళ్లు దిద్దుతుంటే రెండు గీతల మధ్య దూరం ఒక స్థిర సంఖ్యగా ఉండదు, వంకరటింకరగా మారుతుంది. ‘మోనో రా’ ఈ దిద్దుబాటు నుంచి తప్పించుకుంటుంది కానీ గుణకాల తేడా అలాగే ఉంటుంది.

ఈ పొరలన్నీ తీసేస్తే అడుగున మిగిలేది ఒకే ఒక్క లెక్కింపు యంత్రం: ప్రాసెసర్‌లోని టైమ్‌స్టాంప్ కౌంటర్, అందరూ పిలిచే పేరు టీఎస్‌సీ. 1993లో పెంటియంతో వచ్చిన 64 బిట్ల కౌంటర్ ఇది. ఇప్పటి ప్రాసెసర్లలో ఇది సీపీయూ వేగం మారినా, నిద్రలోకి వెళ్లినా ఒకే వేగంతో పెరుగుతుంది. గెస్ట్ ఈ కౌంటర్‌ను చదివినప్పుడు హార్డ్‌వేర్ నేరుగా అదే కౌంటర్ విలువకు ఒక ఆఫ్‌సెట్ కలిపి ఇస్తుంది. హోస్ట్ మధ్యలో జోక్యం చేసుకోదు. ఆ ఆఫ్‌సెట్‌ను నిర్ణయించి హార్డ్‌వేర్‌కు ఇచ్చింది కేవీఎంయే. అంటే మనం వెతుకుతున్న సంఖ్య హోస్ట్ కెర్నల్ దగ్గర, చివరి టిక్కు వరకు కచ్చితంగా, ముందే ఉంది. అందుబాటులో ఉన్న సంఖ్యను వదిలేసి రెండు వైపులా ప్యాకెట్లు పంపించుకుంటూ దాన్ని అంచనా వేయడం అనవసరమైన శ్రమ, పైగా దాంట్లో పొరపాటుకు చోటుంది.

లెక్క

సూత్రం చిన్నది. గెస్ట్ టీఎస్‌సీ అంటే హోస్ట్ టీఎస్‌సీని స్కేలింగ్ నిష్పత్తితో (గెస్ట్ కౌంటర్ వేరే వేగంతో నడిచేలా చూపే గుణకం, వేగాలు ఒకటే అయితే 1) గుణించి ఆఫ్‌సెట్ కలిపితే వచ్చేది. మనకు కావలసింది వెనక్కి: గెస్ట్ విలువలో నుంచి ఆఫ్‌సెట్ తీసేసి నిష్పత్తితో భాగించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హోస్ట్ టీఎస్‌సీ వేగం 2.5 గిగాహెర్ట్జ్, అంటే మైక్రోసెకనుకు 2,500 టిక్కులు. హోస్ట్ బూట్ అయిన 10 రోజులకు గెస్ట్‌ను మొదలుపెట్టారు. అప్పటికి హోస్ట్ కౌంటర్ 2,16,00,00,00,00,00,000 దగ్గర ఉంటుంది. గెస్ట్ తన కౌంటర్ సున్నా నుంచి మొదలైనట్టు చూడాలి కాబట్టి ఆఫ్‌సెట్ అదే సంఖ్య, రుణాత్మకం. గెస్ట్ ట్రేస్‌లో ఒక ఈవెంట్ 1,25,00,00,00,000 టిక్కుల దగ్గర పడింది, గెస్ట్ లెక్కలో 50 సెకన్లు. దాన్నుంచి రుణాత్మక ఆఫ్‌సెట్‌ను తీసివేస్తే, అంటే కలిపితే, 2,16,01,25,00,00,00,000. హోస్ట్ ట్రేస్‌లో సరిగ్గా ఆ చోట ఈ ఈవెంట్ కూర్చుంటుంది. నానోసెకన్లలోకి మార్చడం అన్నిటికన్నా చివర, ఒకే గుణకంతో, రెండు ట్రేసులనూ కలిపాక చేయాలి. ఈ క్రమం తప్పితే మళ్లీ పాత గుణకాల గొడవలోకే వెళ్తాం.

ఆఫ్‌సెట్ ఉండే చోటు హోస్ట్‌లోని డీబగ్‌ఎఫ్‌ఎస్, అంటే కెర్నల్ తన లోపలి వివరాలను ఫైళ్లుగా చూపే చోటు. కేవీఎం డైరెక్టరీలో ఒక్కో వర్చువల్ మెషీన్‌కు ఒక్కో ఉపడైరెక్టరీ ఉంటుంది. దాని పేరులో మొదటి సంఖ్య క్యూఈఎంయూ (కేవీఎంతో వర్చువల్ మెషీన్‌ను నడిపే ప్రోగ్రామ్) ప్రాసెస్ ఐడీ. అందులో వీసీపీయూకొక డైరెక్టరీ, దాని లోపల టీఎస్‌సీ-ఆఫ్‌సెట్, టీఎస్‌సీ-స్కేలింగ్-రేషియో, నిష్పత్తిలో భిన్న భాగానికి ఎన్ని బిట్లో చెప్పే ఫైలు. ఇంటెల్‌లో భిన్నానికి 48 బిట్లు, కాబట్టి నిష్పత్తి 28,14,74,97,67,10,656 అని కనబడితే దాని అర్థం 1, స్కేలింగ్ లేనట్టే. ఏఎండీలో 32 బిట్లు, అక్కడ 1కి సమానమైనది 4,29,49,67,296. స్కేలింగ్ సౌకర్యం లేని పాత ప్రాసెసర్ల మీద ఈ నిష్పత్తి ఫైళ్లు ఉండకపోవచ్చు. అప్పుడు నిష్పత్తి 1 అనుకోవచ్చు.

రికార్డ్ చేసే పద్ధతి

ముందుగా హోస్ట్ ఏ క్లాక్‌సోర్స్ (సమయానికి ఆధారంగా తీసుకునే కౌంటర్) వాడుతోందో చూడాలి. అది టీఎస్‌సీ అయి ఉండాలి. హెచ్‌పీఈటీ (మరో హార్డ్‌వేర్ టైమర్) అని కనబడితే కెర్నల్ టీఎస్‌సీని నమ్మదగనిదిగా తేల్చి పక్కన పెట్టిందన్నమాట. కెర్నల్ సందేశాలుండే డీమెసేజ్ లాగ్‌లో ఆ సంగతి రాసి ఉంటుంది. ఆ యంత్రం మీద ఈ పద్ధతిని మొదలుపెట్టకూడదు, ముందు బయాస్ సంగతి చూడాలి.

గెస్ట్‌కు వీసాక్ పరికరం, అంటే హోస్ట్, గెస్ట్ నేరుగా మాట్లాడుకునే దారి, ఉండాలి. క్యూఈఎంయూలో అది వీహోస్ట్-వీసాక్-పీసీఐ, వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్‌లో అయితే ఎక్స్‌ఎంఎల్‌లో ఒక చిన్న ముక్క. హోస్ట్ గుర్తింపు సంఖ్య ఎప్పుడూ 2 కాబట్టి గెస్టులకు 3 నుంచి ఇస్తారు. నెట్‌వర్క్ కార్డు ద్వారా కాకుండా వీసాక్ ద్వారా ఎందుకంటే, ట్రేస్ డేటా నెట్‌వర్క్ మీద పారితే ఆ ప్యాకెట్లే ట్రేస్‌ను ఈవెంట్లతో నింపేస్తాయి. గెస్ట్‌లో రూట్‌గా ట్రేస్-సీఎండీ (ఎఫ్‌ట్రేస్‌ను నడిపే కమాండ్) ఏజెంట్ నడపాలి. అది 823వ పోర్టులో వింటూ ఉంటుంది. హోస్ట్‌లో ట్రేస్-సీఎండీ రికార్డ్ ఇచ్చి, హోస్ట్‌కు కావలసిన ఈవెంట్లు ముందు రాసి, క్యాపిటల్ ఏ ఆప్షన్‌తో గెస్ట్ పేరు లేదా సంఖ్య ఇవ్వాలి. దాని తర్వాత వచ్చే ఈవెంట్ ఆప్షన్లు గెస్ట్‌కు చెందుతాయి. ఈ క్రమం తారుమారైతే గెస్ట్‌లో పెట్టాలనుకున్న ఈవెంట్లు హోస్ట్‌లో రికార్డవుతాయి. దోష సందేశం ఏదీ రాదు, అందుకే దీన్ని ప్రత్యేకంగా గమనించాలి.

గడియారం రెండు వైపులా ఎక్స్86-టీఎస్‌సీ ఉండాలి. నిజంగా అదే ఉందో లేదో ఎఫ్‌ట్రేస్ ఫైళ్లు ఉండే ట్రేస్‌ఎఫ్‌ఎస్‌లోని ట్రేస్-క్లాక్ ఫైలు తెరిచి చూడాలి. ఎంపికైన గడియారం చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటాయి. హోస్ట్‌లో కనీసం కేవీఎం_ఎంట్రీ (గెస్ట్‌లోకి వెళ్లడం), కేవీఎం_ఎగ్జిట్ (హోస్ట్‌లోకి తిరిగి రావడం), షెడ్_స్విచ్ (సీపీయూ మీద థ్రెడ్ మారడం), కేవీఎం_రైట్_టీఎస్‌సీ_ఆఫ్‌సెట్ (ఆఫ్‌సెట్ మారడం) పెట్టాలి. గెస్ట్‌లో షెడ్యూలర్, ఇంటరప్ట్, టైమర్ ఈవెంట్లు చాలు. బఫర్ పరిమాణాన్ని సీపీయూకు కొన్ని పదుల మెగాబైట్లకు పెంచడం మంచిది. ఈవెంట్లు రాలిపోతే తర్వాత చేసే సరిచూత దెబ్బతింటుంది.

ట్రేస్-సీఎండీలో రెండు రకాల సమన్వయం ఉంది. ఒకటి కేవీఎం పద్ధతి, పైన చెప్పిన డీబగ్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లనే చదువుతుంది. రెండోది పీటీపీ తరహా పద్ధతి, హోస్ట్, గెస్ట్ మధ్య సందేశాలు పంపించి కొలుస్తుంది. ఎంత తరచుగా కొలవాలో టీసింక్-ఇంటర్వెల్ ఆప్షన్ చెబుతుంది. సున్నా ఇస్తే ట్రేస్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. రుణ సంఖ్య ఇస్తే సమన్వయమే ఉండదు. కలిపిన ఫలితాన్ని ట్రేస్-సీఎండీ రిపోర్ట్‌కు రెండు ఫైళ్లూ ఇచ్చి చదవవచ్చు, కెర్నల్‌షార్క్‌లో బొమ్మగా చూడవచ్చు.

సందేశాలతో కొలిస్తే పొరపాటు ఎక్కడ చేరుతుంది

హోస్ట్ పంపిన సమయం, గెస్ట్ అందుకున్న సమయం, గెస్ట్ జవాబిచ్చిన సమయం, హోస్ట్ అందుకున్న సమయం. ఈ నాలుగింటితో ఆఫ్‌సెట్ కట్టే పద్ధతి, వెళ్లడానికీ రావడానికీ ఒకే సమయం పడుతుందన్న నమ్మకం మీద నడుస్తుంది. వర్చువల్ మెషీన్‌లో ఆ నమ్మకం చెల్లదు. గెస్ట్ ఖాళీగా ఉంటే దాని వీసీపీయూ హాల్ట్‌లో ఉంటుంది. సందేశం వచ్చినప్పుడు హోస్ట్ ఆ థ్రెడ్‌ను లేపాలి, సీపీయూ మీదికి ఎక్కించాలి, గెస్ట్‌లోకి ప్రవేశించి ఇంటరప్ట్ అందించాలి. జవాబు తిరిగి వచ్చేటప్పుడు హోస్ట్ సీపీయూ మెలకువగానే ఉంటుంది. వెళ్లడానికి 60 మైక్రోసెకన్లు, రావడానికి 20 పడితే ఆఫ్‌సెట్‌లో పొరపాటు ఆ తేడాలో సగం, 20 మైక్రోసెకన్లు. ఇది ఎప్పుడూ ఒకే దిక్కుకు ఒరుగుతుంది కాబట్టి వందసార్లు కొలిచి సగటు తీసినా పోదు. అతి తక్కువ సమయంలో వెళ్లివచ్చిన సందేశాలను మాత్రమే ఏరుకుంటే కొంత మెరుగు. కొలిచే కాసేపు గెస్ట్ వీసీపీయూను ఏదో ఒక పనితో తిరుగుతూ ఉంచితే ఇంకొంత మెరుగు. కౌంటర్‌ను నేరుగా చదివే దారి లేనప్పుడే ఈ పద్ధతికి రావాలి.

సరిచూసే కొలబద్ద

ఆఫ్‌సెట్ ఎలా సంపాదించినా దాన్ని గుడ్డిగా నమ్మకుండా పరీక్షించే మార్గం ట్రేస్‌లోనే ఉంది. గెస్ట్ కోడ్ నడిచేది కేవీఎం_ఎంట్రీకీ ఆ తర్వాతి కేవీఎం_ఎగ్జిట్‌కీ మధ్య మాత్రమే. గెస్ట్ ఈవెంట్ టైమ్‌స్టాంప్‌ను గెస్టే చదివింది కాబట్టి ఆ ఈవెంట్ తన వీసీపీయూకు చెందిన ఏదో ఒక ఎంట్రీ-ఎగ్జిట్ జత లోపల పడి తీరాలి. ఒక్క ఈవెంట్ బయట పడినా ఆఫ్‌సెట్ తప్పు, లేదా హోస్ట్ ట్రేస్‌లో ఈవెంట్లు రాలిపోయాయి. మూడో అవకాశం ఒకటుంది. కొన్ని కెర్నల్ వెర్షన్లలో టైమర్ అమర్చడం లాంటి పనులను కేవీఎం అడ్డదారిలో ముగించి, ఎంట్రీ ఈవెంట్ రాయకుండానే గెస్ట్‌లోకి తిరిగి పంపుతుంది. అప్పుడు వరుసగా రెండు ఎగ్జిట్‌లు కనబడతాయి. అలాంటి చోట మొదటి ఎగ్జిట్‌నే జత ఆరంభంగా తీసుకోవాలి.

జతలు కట్టేటప్పుడు వీసీపీయూ సంఖ్యను బట్టి కాకుండా హోస్ట్ థ్రెడ్ ఐడీని బట్టి కట్టాలి. హోస్ట్ మీద ఐదు గెస్టులుంటే ఐదింటికీ సున్నా సంఖ్య వీసీపీయూ ఉంటుంది.

ఇదే నియమంతో ఆఫ్‌సెట్‌ను కొత్తగా కొలవవచ్చు కూడా. మైక్రోసెకన్లలో చూద్దాం. హోస్ట్‌లో ఎంట్రీ 100 దగ్గర, ఎగ్జిట్ 112 దగ్గర. ఆ మధ్యలో జరిగిన గెస్ట్ ఈవెంట్ ముద్ర 31. అంటే గెస్ట్ సమయానికి కలపాల్సిన సంఖ్య 69కీ 81కీ మధ్య ఉంది. మరో జత 240 నుంచి 243, ఈవెంట్ 168: ఇప్పుడు హద్దులు 72, 75. ఇంకో జత 300 నుంచి 340, ఈవెంట్ 226.5: కింది హద్దు 73.5, పై హద్దు 113.5. మూడూ ఒప్పుకునే చోటు 73.5 నుంచి 75. మూడు ఈవెంట్లతోనే అనిశ్చితి 1.5 మైక్రోసెకన్లకు దిగింది. ఎగ్జిట్‌కు సరిగ్గా ముందు జరిగే ఈవెంట్లు పై హద్దును బిగిస్తాయి, ఎంట్రీ అయిన వెంటనే జరిగేవి కింది హద్దును బిగిస్తాయి. వేల జతలు చేరితే మిగిలే సందు చాలా సన్నం. గడియారాల వేగాలు కూడా వేరైతే ఈ హద్దులు రెండు వాలు గీతల మధ్య ఇరుకు దారి అవుతాయి. ఆ దారిలో పట్టే సరళరేఖను వెతకడమే కాన్వెక్స్ హల్ పద్ధతి. మామూలుగా మోనోటానిక్ గడియారం వాడే ఎల్‌టీటీఎన్‌జీ అనే మరో ట్రేసర్ ట్రేసుల కోసం, ట్రేసులను చూపే ట్రేస్ కంపాస్ సాధనం వాడేది దీన్నే.

జతలు ఇరుగ్గా ఉంటేనే హద్దులు బిగుస్తాయి. ప్రత్యేకంగా సీపీయూలు కేటాయించి, ఇంటరప్టులు హార్డ్‌వేర్ ద్వారానే అందేలా అమర్చిన గెస్ట్‌లో ఎగ్జిట్‌లు అరుదు, ఒక్కో జత కొన్ని మిల్లీసెకన్లు ఉంటుంది. అక్కడ ఎగ్జిట్‌లను మనమే పుట్టించాలి. ఇంటెల్ ప్రాసెసర్ల మీద గెస్ట్‌లో సీపీయూఐడీ (ప్రాసెసర్ వివరాలు అడిగే) సూచన నడిపితే తప్పనిసరిగా హోస్ట్‌లోకి ఎగ్జిట్ అవుతుంది, దానికి రూట్ హక్కు కూడా అక్కర్లేదు. ట్రేస్-మార్కర్ ఫైల్‌లో ఒక గుర్తు రాసి వెంటనే సీపీయూఐడీ, మళ్లీ గుర్తు, మళ్లీ సీపీయూఐడీ. ఇలా ఒక చిన్న సీ ప్రోగ్రామ్‌ను ఒక వీసీపీయూకు కట్టేసి వెయ్యిసార్లు తిప్పితే కావలసినన్ని ఇరుకైన జతలు దొరుకుతాయి. ట్రేస్ మొదట్లో ఒకసారి, చివర ఒకసారి ఇది నడిపితే మధ్యలో ఆఫ్‌సెట్ మారిందో లేదో కూడా తెలిసిపోతుంది.

మధ్యలో మారే ఆఫ్‌సెట్

ఆఫ్‌సెట్ ఒక్కసారి రాసి వదిలేసేది కాదు. గెస్ట్ తన టీఎస్‌సీలోకి తానే ఏదైనా రాసినా, స్నాప్‌షాట్ నుంచి తిరిగి లేచినా, మరో హోస్ట్‌కు వలస వెళ్లినా కేవీఎం కొత్త విలువ పెడుతుంది. అప్పుడల్లా కేవీఎం_రైట్_టీఎస్‌సీ_ఆఫ్‌సెట్ ఈవెంట్ పాత విలువనూ కొత్త విలువనూ రాస్తుంది. పై జాబితాలో దాన్ని తప్పనిసరి చేసింది ఇందుకే. ఆ ఈవెంట్ కనబడిన చోట ట్రేస్‌ను రెండు ముక్కలుగా చూసి, ఏ ముక్కకు ఆ ముక్క ఆఫ్‌సెట్ వాడాలి.

వీసీపీయూలన్నిటికీ ఒకే ఆఫ్‌సెట్ ఉంటుందని అనుకోవడం కూడా ప్రమాదమే. బూట్ సమయంలో ఒక సెకను వ్యవధి లోపల జరిగే టీఎస్‌సీ రాతలను కేవీఎం సమన్వయ ప్రయత్నంగా భావించి అన్నిటికీ ఒకే ఆఫ్‌సెట్ ఇస్తుంది. అందువల్ల మామూలుగా సమానంగానే ఉంటాయి. నడుస్తుండగా కొత్త వీసీపీయూ చేర్చినప్పుడు తేడా రావచ్చు. వీసీపీయూకొక ఫైలు ఉంది కాబట్టి అన్నీ చదవడమే సురక్షితం.

వలస వెళ్లిన గెస్టుల్లో స్కేలింగ్‌ను మరిచిపోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. 2 గిగాహెర్ట్జ్ హోస్ట్‌లో పుట్టిన గెస్ట్ 2.5 గిగాహెర్ట్జ్ హోస్ట్‌కు వెళ్తే, తన కౌంటర్ పాత వేగంతోనే నడుస్తున్నట్టు గెస్ట్‌కు కనబడేలా నిష్పత్తి 0.8 అవుతుంది. ఆ నిష్పత్తిని పట్టించుకోకుండా ఆఫ్‌సెట్ ఒక్కటే తీసేస్తే పొరపాటు ఎంత పెద్దదంటే, ఎంట్రీ-ఎగ్జిట్ పరీక్షలో మొదటి ఈవెంటే బయట పడుతుంది. ఆ రకంగా ఇది త్వరగా పట్టుబడే తప్పు. నెస్టెడ్ వర్చువలైజేషన్‌లో, అంటే గెస్ట్ లోపల మళ్లీ గెస్ట్ నడిచేటప్పుడు, లోపలి గెస్ట్‌కు రెండు మెట్లు ఎక్కాలి: మధ్య హైపర్‌వైజర్ తన డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో చూపే ఆఫ్‌సెట్‌తో మధ్య స్థాయికి, అక్కడి నుంచి అసలు హోస్ట్ చూపే ఆఫ్‌సెట్‌తో పైకి. మధ్య స్థాయిలో నిష్పత్తి 1 కాకపోతే భాగహారం కూడా మెట్టు మెట్టుకూ చేయాలి.

ట్రేసుల బదులు పెర్ఫ్ ప్రొఫైల్ (సమయం ఏ కోడ్‌లో గడుస్తోందో చూపే లైనక్స్ సాధనం ఇచ్చేది) కావాలన్నా ఇదే సంఖ్య పనికొస్తుంది. పెర్ఫ్ ఇంజెక్ట్‌లోని గెస్ట్-డేటా ఆప్షన్ గెస్ట్‌లో తీసిన ఫైలు, క్యూఈఎంయూ ప్రాసెస్ ఐడీ, టీఎస్‌సీ ఆఫ్‌సెట్, స్కేల్ తీసుకుని రెండు రికార్డులను కలుపుతుంది.

కలిపిన ట్రేస్‌ను చదవడం

మొదటి 4 మిల్లీసెకన్ల సమస్యకు వస్తే, పరీక్షలు నెగ్గిన కాలరేఖ మీద చూడాల్సింది ఇదీ. గెస్ట్‌లో థ్రెడ్ నడుస్తున్నట్టు చూపే పొడవాటి పట్టీ కింద హోస్ట్‌లో ‘సీపీయూ 0/కేవీఎం’ థ్రెడ్ వరుస ఉంచాలి. గెస్ట్ పట్టీ మధ్యలో హోస్ట్‌లో కేవీఎం_ఎగ్జిట్ వస్తుంది, కారణం బయటి ఇంటరప్ట్. వెంటనే షెడ్_స్విచ్‌లో వీసీపీయూ థ్రెడ్ దిగి వేరే పని ఎక్కుతుంది. దిగిన థ్రెడ్ స్థితిని గమనించాలి. నడవడానికి సిద్ధంగా ఉన్న స్థితిలోనే దిగితే గెస్ట్ ఇష్టం లేకుండా లాగేశారన్నమాట, నిద్ర స్థితిలో దిగితే గెస్టే హాల్ట్ చేసింది. తిరిగి ఎక్కి కేవీఎం_ఎంట్రీ అయ్యేదాకా గెస్ట్ ట్రేస్‌లో ఆ వీసీపీయూ మీద ఒక్క ఈవెంట్ కూడా ఉండకూడదు. ఆ ఖాళీ పొడవు దాదాపు 4 మిల్లీసెకన్లయితే ఆలస్యం హోస్ట్ షెడ్యూలింగ్‌దే, గెస్ట్‌లోని డేటాబేస్ సెట్టింగులను ఎంత మార్చినా ఫలితం ఉండదు. ఖాళీ 200 మైక్రోసెకన్లే ఉండి మిగతా సమయమంతా ఎంట్రీ-ఎగ్జిట్ జతల లోపలే గడిస్తే, వెతకాల్సింది గెస్ట్ లోపలే. ఆ బ్యాకప్ పని దానికి పక్కన కనబడింది, అంతే.